గూడ్స్ గోడౌను పక్కన ఆటస్థలం

పిల్లలు అమెరికాలో ఉండటం, వేసవి రాగానే తల్లిదండ్రులు వెళ్ళి నాలుగైదు నెలలు ఉండి రావడం మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మామూలైపోయినందువల్ల కాబోలు, అక్కడి బేస్‌బాల్ మైదానాల గురించి ఈ మధ్య నాలుగు ఉత్తరాలు వచ్చాయి. విషయం ఒకటే కనుక నాలుగింటికీ ఒకేచోట సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: రైల్వేలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. పోయిన ఏడాది మా అమ్మాయి దగ్గరికి మేరీలాండ్ వెళ్ళినప్పుడు మా అల్లుడుగారు బాల్టిమోర్ నగరం నడిబొడ్డున ఉన్న బేస్‌బాల్ స్టేడియానికి తీసుకువెళ్ళారు. ఆట నాకు పెద్దగా అర్థం కాలేదు గానీ, మైదానం పక్కనున్న పొడవాటి ఎర్ర ఇటుకల భవనాన్ని చూడగానే అది రైల్వే గోడౌను అయి ఉంటుందని పోల్చుకున్నాను. అంత ఖర్చుపెట్టి కొత్త స్టేడియం కట్టుకున్నవాళ్ళు ఆ పాత గోడౌనును ఎందుకు పడగొట్టలేదు? 1992లో కట్టామని చెబుతున్న స్టేడియం వందేళ్ళ నాటిదానిలా ఎందుకు కనిపిస్తుంది?
— విశ్రాంత రైల్వే ఉద్యోగి, బిట్రగుంట

సమాధానం: మీరు సరిగ్గానే పోల్చుకున్నారు. మీరు చూసిన మైదానం పేరు కేమ్‌డెన్ యార్డ్స్. బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే కంపెనీ 1899లో మొదలుపెట్టి 1905 నాటికి పూర్తిచేసిన సరుకుల గిడ్డంగి అది. ఎనిమిది అంతస్తులు, వెయ్యి అడుగులకు పైబడిన పొడవు, ఆ పొడవుతో ఏమాత్రం పొంతన లేని 51 అడుగుల వెడల్పు. వ్యాగన్లను వరసగా నిలబెట్టి సరుకు దించుకునే గిడ్డంగికి పొడవు ముఖ్యం గాని వెడల్పు కాదన్న సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. దానికి ఉత్తరాన ఉన్న కేమ్‌డెన్ స్టేషను అంతకంటే పాతది, 1850లలో కట్టింది. అధ్యక్ష పదవి చేపట్టడానికి వెళుతున్న అబ్రహాం లింకన్, హత్యాయత్నం జరగవచ్చన్న భయంతో 1861 ఫిబ్రవరిలో రాత్రివేళ రహస్యంగా బాల్టిమోర్ దాటి వాషింగ్టన్ చేరింది ఈ స్టేషను మీదుగానే. లారీలూ పెద్ద రహదారులూ వచ్చి రైలు సరుకు తగ్గిపోయాక యార్డు బోసిపోయింది. గిడ్డంగి కిటికీలు పగిలి, గోడలు నల్లబడి ఏళ్ళ తరబడి అలాగే నిలబడింది. ఆవిరి ఇంజిన్ల కాలం ముగిశాక బిట్రగుంట లోకో షెడ్డు ఎలా మూగబోయిందో కళ్ళారా చూసినవారు కనుక ఆ దృశ్యాన్ని మీరు మాకంటే బాగా ఊహించుకోగలరు.

ఇక ఆ స్థలానికి ఆట ఎలా వచ్చిందన్నది. అమెరికాలో ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో బేస్‌బాల్ మైదానాలన్నీ ఊరి మధ్యనే ఉండేవి. జనం ట్రాముల్లో, నడిచి వచ్చేవారు. నాలుగు వీధుల మధ్య దొరికిన ముక్కలో మైదానం ఇమిడిపోవలసి వచ్చేది. బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్ 1912 నాటిది, షికాగోలోని రిగ్లీ ఫీల్డ్ 1914 నాటిది. ఆ తరంలో నేటికీ నిలిచి ఉన్నవి ఆ రెండే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కార్లు పెరిగి, మధ్యతరగతి జనం శివార్లకు తరలిపోగా, స్టేడియాలు కూడా వారి వెంటే వెళ్ళాయి, లేదా కార్లు నిలిపే ఖాళీ జాగాల మధ్య ఒంటరి కాంక్రీటు గిన్నెల్లా లేచాయి. ఒకే కట్టడంలో బేస్‌బాలూ అమెరికన్ ఫుట్‌బాలూ రెండూ ఆడించవచ్చన్న పొదుపు ఆలోచనతో వాటిని గుండ్రంగా కట్టారు. పిట్స్‌బర్గ్‌లోనూ సిన్సినాటీలోనూ 1970లో, ఫిలడెల్ఫియాలో 1971లో కట్టిన స్టేడియాల ఫొటోలను పక్కపక్కన పెడితే ఏది ఏ ఊరిదో ఆ ఊరివాళ్ళే తడుముకోవలసిందే.

ఆ పొదుపులో పెద్ద లోపం ఉంది. ఫుట్‌బాల్ మైదానం పొడవాటి దీర్ఘచతురస్రం. బేస్‌బాల్ మైదానం విప్పిన విసనకర్ర, దాని పిడి దగ్గర బ్యాటర్ నిలబడతాడు. ఆ రెండింటినీ ఒకే వలయంలో కూర్చితే దేనికీ కుదరదు. బేస్‌బాల్ చూసేవాడి కుర్చీ బ్యాటర్ వైపు కాక మైదానం మధ్యకు తిరిగి ఉంటుంది కనుక మూడు గంటలసేపు మెడ పక్కకు తిప్పి కూర్చోవలసి వచ్చేది. పై అంతస్తులో కూర్చున్నవాడికి ఆటగాడు చీమంత. పచ్చికకు బదులు చాలాచోట్ల ప్లాస్టిక్ తివాచీ పరిచారు. ఆ మూడు స్టేడియాలనూ ముప్ఫై ఐదేళ్ళు నిండకముందే, 2001, 2002, 2004 సంవత్సరాల్లో మందుగుండు పెట్టి నేలమట్టం చేశారంటే వాటి మీద జనానికి ఎంత మమకారం మిగిలిందో తెలుస్తుంది.

బాల్టిమోర్ ఈ దారి పట్టకపోవడానికి ఒక ఎదురుదెబ్బ కారణం. 1984 మార్చి 28 రాత్రి, మంచు కురుస్తుండగా, ఆ నగరపు ఫుట్‌బాల్ జట్టు కోల్ట్స్ తన సామాన్లన్నీ లారీలకెక్కించుకుని చెప్పాపెట్టకుండా ఇండియానాపొలిస్‌కు వెళ్ళిపోయింది. అక్కడి జట్లు ప్రైవేటు యజమానుల సొత్తు. మంచి స్టేడియం ఎవరిస్తే ఆ ఊరికి పోతాయి. బేస్‌బాల్ జట్టు ఓరియోల్స్ కూడా పొరుగునే ఉన్న వాషింగ్టన్‌కు పోతుందేమోనని నగరం హడలిపోయింది. మొదట మేయరుగా, 1987 నుంచి మేరీలాండ్ గవర్నరుగా ఉన్న విలియం డోనాల్డ్ షేఫర్ పట్టుబట్టి కొత్త మైదానానికి శాసనసభ ఆమోదం సంపాదించారు. ఓడరేవు గట్టున 1980లో దుకాణ సముదాయం, 1981లో జాతీయ అక్వేరియం తెరిచి అప్పటికే జనాన్ని ఊరి మధ్యకు రప్పిస్తున్న నగరం, అక్కడికి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉన్న ఈ పాడుబడ్డ రైల్వే యార్డును స్టేడియానికి ఎంచుకుంది.

మీరడిగిన అసలు ప్రశ్న ఇక్కడ వస్తుంది. గిడ్డంగిని తీసేసి స్థలం చదును చేస్తే పని తేలికన్న వాదన బలంగానే ఉండేది. దాన్ని నిలబెట్టినవారిలో జట్టు అధ్యక్షుడు లారీ లుకీనో, జట్టు తరఫున నిర్మాణ ప్రణాళిక చూసిన వాస్తుశిల్పి జానెట్ మేరీ స్మిత్ ముఖ్యులు. స్టేడియాల నిర్మాణంలో పేరుమోసిన హెచ్‌ఓకే సంస్థకు రూపకల్పన అప్పగించి, తమకు కావలసింది బేస్‌బాల్ ఒక్కటే ఆడే, ఊరి వీధుల్లో ఒదిగిపోయే పాతకాలపు ఆటస్థలమని వీరు పట్టుబట్టారు. ‘స్టేడియం’ అన్న మాట తన ఎదుట ఎవరూ వాడకూడదనీ ‘బాల్‌పార్క్’ అనే అనాలనీ లుకీనో ఆంక్ష పెట్టారని చెబుతారు. పేరు మారిస్తే ఏమొస్తుందని మనకు అనిపించవచ్చు గాని, నమూనా గీసేవాడి చేతిని మాట కూడా కొంత నడిపిస్తుంది.

గిడ్డంగిని ఉంచాలని తేలగానే తక్కినవి వాటంతట అవే కుదురుకున్నాయి. అది కుడివైపు ఔట్‌ఫీల్డ్‌కు వెనక గోడలా నిలిచింది. దానికీ మైదానానికీ మధ్యనున్న యూటా వీధిని వాహనాలకు మూసేసి, ఆట రోజున ప్రేక్షకులు తిరిగే నడవగా మార్చారు. ఆ వీధిలో నడిచేటప్పుడు మీ కాళ్ళ కింద ఇత్తడి బిళ్ళలు కనిపించే ఉంటాయి: బంతి ఆకారంలో ఉన్న ఆ బిళ్ళ ఒక్కొక్కటి మైదానంలోంచి ఎగిరివచ్చి పడిన హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్‌లా హద్దు దాటించిన దెబ్బ) చోటును సూచిస్తుంది, దాని మీద కొట్టినవాడి పేరు, తేదీ, దూరం చెక్కి ఉంటాయి. ఇప్పటికి అవి వంద దాటాయి. గిడ్డంగి గోడకు నేరుగా బంతి తగిలించినవాడు మాత్రం కెన్ గ్రిఫీ జూనియర్ ఒక్కడే. అదీ అసలు మ్యాచ్‌లో కాదు, 1993 జూలైలో జరిగిన హోమ్ రన్ల పోటీలో. బ్యాటర్ నుంచి ఆ గోడ దాదాపు 440 అడుగుల దూరంలో ఉంది.

పాతదానిలా కనిపించడానికి చేసిన పనులు కొన్ని పైపైవి, కొన్ని లోతైనవి. కాంక్రీటు స్తంభాలకు బదులు పై అంతస్తుల్లో ఉక్కు దూలాలను బయటికి కనిపించేలా వాడారు. మీకు అవి రైల్వే వంతెన గడ్డర్లలా తోచి ఉంటే ఆశ్చర్యం లేదు. ముఖద్వారం వైపు ఇటుకల కమానులు కట్టారు. బాల్టిమోర్‌లో వరస ఇళ్ళన్నీ ఇటుకవే కనుక, చీమకుర్తి పక్కన కట్టే ఇంటికి గ్రానైటు ఎంత సహజమో అక్కడ ఇటుక అంత సహజం. మైదానాన్ని వీధి మట్టానికి 16 అడుగుల దిగువన తవ్వి పరచడం వల్ల మొదట్లో దాదాపు 48 వేల కుర్చీలతో తెరిచిన కట్టడమైనా బయటినుంచి చూసేవాడి నెత్తిన పడ్డట్టుండదు, పక్క భవనాలను మింగేసినట్టూ ఉండదు. ముదురాకుపచ్చ కుర్చీల మధ్య రెండే రెండు నారింజ రంగువి ఉన్నాయి. ఒకటి ఓరియోల్స్ ఆటగాడు ఎడీ మరీ 500వ హోమ్ రన్ పడిన చోటు, రెండోది షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య కాపలా కాసే) స్థానంలో ఆడేవారి హోమ్ రన్ల రికార్డును అదే జట్టు ఆటగాడు కాల్ రిప్కెన్ జూనియర్ దాటిన బంతి పడిన చోటు.

ఈసారి వెళితే వరస చివరి కుర్చీ పక్కనుండే ఇనుప పలకను ఒకసారి వంగి చూడండి. 1890లలో వరసగా మూడేళ్ళు విజేతగా నిలిచిన నాటి బాల్టిమోర్ జట్టు చిహ్నాన్ని దాని మీద పోతపోయించారు. కూర్చునేవాడి మోకాలికి తగిలేచోట, ఎవరూ పెద్దగా గమనించనిచోట అంత శ్రద్ధ పెట్టారంటే పాతకాలపు పోలిక వేషం కాదని మాకు నమ్మకం కుదిరింది. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. బేస్‌బాల్‌కు మకుటంలేని మహారాజు బేబ్ రూత్ పుట్టింది ఇక్కడికి కొద్ది వీధుల దూరంలో, 1895లో. ఆయన తండ్రి నడిపిన సారాకొట్టుల్లో ఒకటి ఇప్పటి మైదానం నడుమ భాగంలో ఉండేది. నగరం ఆ స్థలాన్ని ఎంచుకున్నది ఇది చూసుకుని కాదు, అలా కలిసివచ్చింది.

1992 ఏప్రిల్ 6న తొలి ఆట జరిగింది; రిక్ సట్‌క్లిఫ్ బంతులు వేయగా ఓరియోల్స్ 2–0తో క్లీవ్‌లాండ్‌ను ఓడించింది. గిడ్డంగి గోడకు అసలైన వైభవం మాత్రం 1995 సెప్టెంబర్ 6న దక్కింది. ఒక్క ఆట కూడా మానకుండా వరసగా 2,130 మ్యాచ్‌లు ఆడిన లూ గెరిగ్ రికార్డు 1939 నుంచీ చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని దాటబోతున్నవాడు రిప్కెన్. ఆ రాత్రి ఆట సగం దాటి లెక్కలోకి వచ్చిన క్షణంలో, గిడ్డంగి గోడకు వేలాడదీసిన అంకెల పటాల్లో చివరిది జారి 2131 కనిపించింది. రిప్కెన్ మైదానం చుట్టూ తిరిగి ప్రేక్షకులకు చేతులందిస్తుంటే ఆట 22 నిమిషాలు ఆగిపోయింది. గిడ్డంగిని కూల్చి ఉంటే ఆ అంకెలను ఏ విద్యుత్ బోర్డు మీదనో చూపించి ఉండేవారు.

ఆ తర్వాత ఈ పద్ధతి ఊరూరా పాకింది. క్లీవ్‌లాండ్ 1994లో, డెన్వర్ 1995లో, శాన్‌ఫ్రాన్సిస్కో 2000లో, పిట్స్‌బర్గ్ 2001లో, శాన్‌డియేగో 2004లో ఊరి నడుమ బేస్‌బాల్‌కే ప్రత్యేకించిన మైదానాలు కట్టుకున్నాయి. శాన్‌డియేగోలో 1909 నాటి లోహసామగ్రి దుకాణ భవనాన్ని కూల్చకుండా, దాని మూలకు పసుపు రంగు పూసి, ఎడమవైపు ఫౌల్ హద్దు స్తంభంగా (బంతి పక్క హద్దుకు లోపల పోయిందో బయట పోయిందో చూపే గుర్తుగా) దాన్నే వాడుతున్నారు. మీకు ముచ్చట కలిగించేది హ్యూస్టన్: అక్కడ 1911 నాటి యూనియన్ స్టేషను భవనమే ప్రవేశద్వారం, తమ జట్టు హోమ్ రన్ కొట్టినప్పుడల్లా ఎత్తైన గోడ మీద వేసిన పట్టాలపై పాతకాలపు ఆవిరి ఇంజిన్ నమూనా ఒకటి కదిలి వెళుతుంది.

బాల్టిమోర్‌లో ఒక్క వెలితి కూడా చెప్పకపోతే జవాబు పూర్తికాదు. మొదట్లో ప్రేక్షకులకు ఔట్‌ఫీల్డ్ మీదుగా నగర భవనాలన్నీ, 1911 నాటి బ్రోమో సెల్ట్‌జర్ గడియార స్తంభంతో సహా, కన్నులపండువగా కనిపించేవి. 2008లో అక్కడే ఒక భారీ హోటలు లేచి ఆ చూపును చాలావరకు మూసేసింది. అది కట్టించింది మరెవరో కాదు, ఆ నగరమే.

ప్రశ్న: బేస్‌బాల్ మైదానాలు ఒక్కొక్కటి ఒక్కో కొలతలో ఉంటాయనీ గోడల ఎత్తులు కూడా వేరువేరనీ చదివాను. వృత్తిగా ఆడే ఆటలో దీన్ని ఎలా ఒప్పుకుంటారు? కొత్తగా కట్టేవారైనా ఒకే కొలత పాటించవచ్చు కదా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, ఒంగోలు

సమాధానం: లోపలి కొలతలు ఎక్కడైనా ఒకటే. బేస్‌కూ (పరుగు తీసేవాడు వరసగా తాకవలసిన గుర్తుకూ) బేస్‌కూ మధ్య 90 అడుగులు, బంతి వేసే పిచర్‌కూ బ్యాటర్ ముందరి హోమ్ ప్లేట్‌కూ మధ్య 60 అడుగుల 6 అంగుళాలు. వీటిలో వెంట్రుకవాసి తేడా ఉండటానికి వీల్లేదు. మారేది బయటి హద్దు. క్రికెట్‌లోనూ పిచ్ 22 గజాలే గాని బౌండరీ దూరం మైదానాన్నిబట్టి మారుతుంది కదా. తేడా ఏమిటంటే, క్రికెట్ హద్దు ఒక తాడు, బంతి దాన్ని తాకితే నాలుగు పరుగులు, అంతటితో సరి. బేస్‌బాల్ హద్దు గోడ. దానికి తగిలి వెనక్కి వచ్చిన బంతి ఇంకా ఆటలోనే ఉంటుంది కనుక గోడ ఎత్తు, వంపు, మూలలు అన్నీ ఆటగాళ్ళ లెక్కలోకి వస్తాయి.

ఈ అసమానతకు మూలం వీధులే. ఫెన్‌వే పార్క్‌లో ఎడమవైపు వెనకనే లాన్స్‌డౌన్ వీధి ఉండటంతో మైదానానికి చోటు చాలలేదు. గోడ సుమారు 310 అడుగుల దూరంలోనే ముగిసింది. ఆ కొరత తీర్చడానికి గోడను 37 అడుగులకు పైగా లేపారు. ‘పచ్చ రాక్షసి’ అన్న అర్థమిచ్చే పేరుతో అమెరికా అంతా ఎరిగిన గోడ అదే. కేమ్‌డెన్ యార్డ్స్‌లోనూ ఇదే న్యాయం: యూటా వీధి, గిడ్డంగి అడ్డు ఉన్నందువల్ల కుడివైపు హద్దు 318 అడుగుల దగ్గరే ఆగిపోయింది, అందుకే అక్కడ గోడను 20 అడుగులకు పైగా ఎత్తు చేశారు. ఎడమవైపు హద్దు 333 అడుగులతో, తక్కువ ఎత్తు గోడతో మొదలైంది. పక్క హద్దులు 325 అడుగులకు, నడుమ 400 అడుగులకు తగ్గకూడదని 1958లో నియమం పెట్టారు గాని, స్థలాభావం చూపి మినహాయింపు పొందినవాళ్ళే ఎక్కువ.

శాన్‌ఫ్రాన్సిస్కోలో వీధికి బదులు సముద్రపు నీరే హద్దు. కుడివైపు 309 అడుగులకే గట్టు వచ్చేస్తుంది. ఆ జట్టు మహా ఆటగాడు విల్లీ మేస్ చొక్కా సంఖ్య 24 కనుక గోడను 24 అడుగులు కట్టారు. దాన్ని దాటిన బంతి నీళ్ళలో పడుతుంది, చిన్న పడవల్లో కాచుకుని ఉన్నవాళ్ళు దాని కోసం పోటీపడతారు. పిట్స్‌బర్గ్‌లో కూడా అదే పద్ధతిలో తమ ఆటగాడు రోబెర్టో క్లెమెంటే గౌరవార్థం, ఆయన చొక్కా సంఖ్యనుబట్టి కుడిగోడను 21 అడుగులు చేశారు.

స్థలం బలవంతపెడితే వచ్చిన వంకరకూ, ముచ్చటపడి పెట్టుకున్న వంకరకూ తేడా ఉందని మా అభిప్రాయం. హ్యూస్టన్‌లో మైదానం నడుమ వెనకవైపున, ఆట జరిగే హద్దులోపలే, చిన్న గుట్టలాంటి ఏటవాలు కట్టి, దాని మీద ఒక జెండా కర్ర కూడా నిలబెట్టారు. ఏ వీధీ, ఏ కట్టడమూ దాన్ని కోరలేదు. బంతి వంక చూస్తూ వెనక్కి పరిగెత్తే ఆటగాడు తట్టుకుని పడతాడేమోనన్న భయం తప్ప దానివల్ల ఒరిగిందేమీ లేదు; 2016 ఆటల కాలం ముగిశాక తీసేశారు. బాల్టిమోర్ కూడా ఈ విషయంలో తడబడింది. తమ మైదానంలో హోమ్ రన్లు మరీ సులువుగా పోతున్నాయని 2022లో ఎడమ గోడను పాతిక అడుగుల మేర వెనక్కి జరిపి, 13 అడుగులకు ఎత్తు పెంచారు. తమ బ్యాటర్లకే అది తగలకూడని దెబ్బ అయ్యాక 2025లో మళ్ళీ కొంత ముందుకు తెచ్చారు. బండలాగుడు పందెంలో గిత్తలు లాగిన దూరాన్ని అడుగుల లెక్కన కొలిచే మన ప్రాంతం వారికి పాతిక అడుగులంటే ఎంతో తెలుసు.

ఇంజినీరింగ్ చదువుతున్నారు కనుక దిక్కు సంగతి కూడా చెబుతాం. హోమ్ ప్లేట్ నుంచి పిచర్ మీదుగా రెండో బేస్‌కు గీసిన గీత తూర్పు ఈశాన్యం వైపు ఉండటం మంచిదని ఆట నిబంధనల పుస్తకమే చెబుతుంది. సాయంత్రం ఆటలో పొద్దు బ్యాటర్ వీపు వైపు ఉండాలన్నది ఉద్దేశం. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతిని ఎండ కళ్ళలో పడుతుండగా ఆడటం ప్రాణాపాయం. శాన్‌ఫ్రాన్సిస్కోవారు దీనికి తోడు గాలిని కూడా లెక్కలోకి తీసుకున్నారు. అక్కడి పాత మైదానం కేండిల్‌స్టిక్ పార్క్ చలిగాలికి పేరుమోసింది కనుక, కొత్తదాని నమూనాను విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో కృత్రిమంగా గాలి వీచించి పరీక్షించాకే దాని దిశ ఖాయం చేశారు.

ప్రశ్న: ఇంత పెద్ద కట్టడాలకు డబ్బు ఎవరిది? ఊరి నడుమ స్టేడియం కడితే ఊరు బాగుపడుతుందని చెప్పేది నిజమేనా? టికెట్టు కొనలేనివారి సంగతేమిటి?
— న్యాయవాది, నెల్లూరు

సమాధానం: బాల్టిమోర్ విషయంలో డబ్బు మేరీలాండ్ రాష్ట్రానిది. 1986లో ఏర్పాటుచేసిన స్టేడియం అథారిటీ బాండ్లు జారీచేసి అప్పు తెచ్చి, ప్రత్యేకంగా నడిపిన లాటరీ టికెట్ల రాబడితో ఆ అప్పు తీర్చింది. మైదానం నిర్మాణానికే సుమారు 11 కోట్ల డాలర్లయ్యాయి. భూసేకరణకూ అక్కడున్న వ్యాపారాలను వేరేచోటికి తరలించడానికీ అయినది దానికి అదనం. లాటరీ టికెట్లు ఎక్కువగా కొనేది పేదవారే అన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఊరు బాగుపడటం గురించి అడిగితే, రాజకీయ నాయకుల మాట ఒకటి, ఆర్థికవేత్తల లెక్క ఇంకొకటి. సొంత మైదానంలో ఏడాదికి జరిగే ఆటలు 81. తక్కిన రోజుల్లో చుట్టుపక్కల కొట్లకు ఈ మైదానంవల్ల బేరాలుండవు. కుటుంబం వినోదానికి కేటాయించుకునే డబ్బు నెలకు ఇంతని ఉంటుంది కనుక, ఆటకు పెట్టిన ఖర్చు సినిమాకో హోటలుకో పెట్టనిదే అవుతుంది గాని కొత్తగా పుట్టుకొచ్చేది కాదు. స్టేడియం పెట్టుబడి పన్నుల రూపంలో తిరిగి వస్తుందన్న వాదనను అక్కడి ఆర్థికవేత్తలు అత్యధికులు ఒప్పుకోరు. అయితే కేమ్‌డెన్ యార్డ్స్‌కు ఒక అనుకూలత ఉంది: వాషింగ్టన్ నుంచి వచ్చే రైలు, 1992లోనే మొదలైన నగర లైట్ రైలు రెండూ గుమ్మం దగ్గరే ఆగుతాయి. చెపాక్‌లో మ్యాచ్ చూడటానికి మన ఊరినుంచి చెన్నైకి రైల్లో వెళ్ళి, అక్కడినుంచి స్టేడియం పక్కనే దింపే లోకల్ రైలెక్కినవారికి ఆ సౌకర్యం విలువ తెలుసు. కార్ల కోసం ఊరంత జాగా వదలనక్కరలేనప్పుడే నగరం మధ్య మైదానం కుదురుతుంది.

ఊరి మధ్యనుండటానికి ఇంకో వైపు కూడా ఉంది. 2015 ఏప్రిల్‌లో పోలీసుల అదుపులో గాయపడిన ఫ్రెడీ గ్రే అనే నల్లజాతి యువకుడు చనిపోగా బాల్టిమోర్ అట్టుడికిపోయింది. ఏప్రిల్ 29న ఓరియోల్స్, షికాగో వైట్ సాక్స్ జట్లు ఒక్క ప్రేక్షకుడు లేకుండా ఆడాయి. అగ్రశ్రేణి జట్లు ఆడే ప్రధాన లీగ్ చరిత్రలో జనాన్ని రానీయకుండా ఆడిన మొదటి మ్యాచ్ అదే. ఓరియోల్స్ 8–2తో గెలిచింది. 45 వేల కుర్చీల మైదానంలో బ్యాటుకు బంతి తగిలిన చప్పుడు కుర్చీల మధ్య ప్రతిధ్వనించగా, గేటు కటకటాల అవతల నిలబడిన కొద్దిమంది అభిమానుల కేకలు లోపలికి వినిపించాయి. శివారులో ఉన్న స్టేడియానికి ఊరి కష్టం ఇంత దగ్గరగా తగిలేది కాదు.

శాన్‌ఫ్రాన్సిస్కోది వేరే దారి. ప్రజాధనం అడిగిన ప్రతిసారీ అక్కడి ఓటర్లు కాదన్నారు. చివరికి జట్టే సుమారు 36 కోట్ల డాలర్లు ప్రైవేటుగా సమకూర్చుకుని కట్టింది. 1962లో లాస్‌ఏంజెలిస్‌లో డాడ్జర్ స్టేడియం తర్వాత అలా కట్టిన మొదటిది ఇదే. టికెట్టు కొనలేనివారి గురించి అడిగారు కదా: ఆ మైదానం కుడిగోడ కింద, నీటి గట్టున నడిచేవారికి కమానుల్లోంచి ఆట కనిపిస్తుంది. ఎవరైనా వచ్చి నిలబడి కొంతసేపు ఉచితంగా చూసి, వెనకవారికి చోటిచ్చి వెళ్ళవచ్చు. గోడలెక్కీ చెట్లెక్కీ ఆటలు చూసిన మన తరానికి అటువంటి ఏర్పాటును కట్టడంలోనే కలిపి గీశారంటే వింతగా ఉంటుంది. అన్ని స్టేడియాల్లోకీ అనుకరించవలసినది ఏదైనా ఉంటే అదేనని మాకు తోస్తుంది, విచిత్రంగా ఎక్కువమంది అనుకరించనిదీ అదే.

ప్రశ్న: మా మనవడు స్టేడియంలో తన వైపు వచ్చిన బంతిని పట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. తిరిగి ఇవ్వనక్కరలేదా?
— గృహిణి, కావలి

సమాధానం: అక్కరలేదమ్మా, బంతి మీ మనవడిదే. క్రికెట్‌లో అదే బంతితో ఆట కొనసాగాలి కనుక తిరిగివ్వాలి. బేస్‌బాల్‌లో బంతికి కాస్త మట్టి అంటినా మార్చేస్తారు, ఒక్క ఆటలో డజన్ల కొద్దీ వాడతారు. పూర్వం అక్కడా తిరిగివ్వమనేవారు. 1921లో న్యూయార్క్‌లో ఒక ప్రేక్షకుడు బంతిని ఇవ్వకుండా జనంలోకి విసిరేస్తే సిబ్బంది ఆయనను బయటికి పంపించారు. ఆయన దావా వేసి వంద డాలర్లు గెలుచుకున్నాడు. షికాగో రిగ్లీ ఫీల్డ్‌లో మాత్రం ఎదుటి జట్టు కొట్టిన హోమ్ రన్ బంతిని మళ్ళీ మైదానంలోకి విసిరేయడం ఆనవాయితీ, ఉంచుకుంటే చుట్టూ ఉన్నవారు ఊరుకోరు.

ఒక్క జాగ్రత్త చెప్పండి. పక్కకు దూసుకువచ్చే బంతి రాయికన్న గట్టిది; దెబ్బలు తగిలిన సంఘటనల తర్వాత 2018 నాటికి అన్ని ప్రధాన మైదానాల్లోనూ బ్యాటర్ వెనకనుంచి ఆటగాళ్ళు కూర్చునే చోటు చివరిదాకా వల కట్టారు. వల లేని వరసల్లో టికెట్టు దొరికితే పిల్లవాణ్ణి ఫోను చూసుకోనివ్వకుండా, చేతికి తొడుగు వేసుకుని కూర్చోమనండి.